తెల్లని రెక్సిన్ సీట్లపై మొండి మరకలు: తొలగించే పద్ధతి, తప్పించుకోవలసిన ప్రమాదాలు

ముంబయి రేవులో తిరిగే స్పీడుబోట్లలోనూ, యాత్రికులను తీసుకుపోయే అనేక లాంచీలలోనూ సీట్లకు తెల్లని తొడుగు కనిపిస్తుంది. తెలుపు ఎండకు తక్కువగా వేడెక్కుతుంది, చూపుకు శుభ్రంగా ఉంటుంది. అయితే ఉప్పు నీరు, చెమట, డీజిల్, పక్షుల రెట్టలు, ప్రయాణికులు తెచ్చుకున్న తినుబండారాలు, వానాకాలపు బూజు, వీటన్నిటి గుర్తులూ ఆ తెలుపు మీదనే స్పష్టంగా నిలుస్తాయి. ఆ మరకలను తొలగించే పని సాధారణంగా పడవ యజమానిది కాదు, సరంగుది కూడా కాదు. తెల్లవారుజామున బకెట్టు పట్టుకుని జెట్టీ మెట్లు దిగే సహాయకునిది, లేదా రోజుకూలీకి పిలిపించుకున్న మనిషిది.

ఈ నగరానికి పని కోసం వచ్చిన తెలుగువారి చరిత్ర పాతది. కామాఠీపుర అన్న పేరే తెలుగు నేల నుండి కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల వల్ల ఏర్పడింది. నేటికీ శుభ్రం చేసే పనులలో తెలుగువారు ఉన్నారు. వారికి ఉన్న ఒక ఇబ్బంది తరచుగా ఎవరి దృష్టికీ రాదు. చేతికి అందిన సీసా మీది అక్షరాలు ఇంగ్లీషులోనో, హిందీలోనో, మరాఠీలోనో ఉంటాయి. చదవటం రానప్పుడు రంగును బట్టి, వాసనను బట్టి మందును పోల్చుకోవలసి వస్తుంది. సీటు పాడయ్యేదీ, మనిషి ప్రాణం మీదికి వచ్చేదీ అక్కడే. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతటికీ మూలసూత్రం ఒక్కటే: చేయి కదిలించే ముందు మరక ఏదో తెలియాలి, సీసాలో ఉన్నది ఏదో తెలియాలి.

ఇక్కడ పడవ సీట్లను ఉద్దేశించి చెప్పిన సంగతులు చాలావరకు ఆటో సీట్లకు, క్షౌరశాల కుర్చీలకు, దవాఖానా బల్లలకు, ఇంటిలోని రెక్సిన్ కుర్చీలకు కూడా వర్తిస్తాయి.

రెక్సిన్ స్వభావం

వాడుకలో రెక్సిన్ అని పిలిచే ఈ తొడుగు తోలు కాదు. అల్లిక బట్ట మీద వినైల్ అనే ప్లాస్టిక్‌ను పొరగా పరచి దీనిని తయారు చేస్తారు. శాస్త్ర పరిభాషలో అది పాలీవినైల్ క్లోరైడ్. ఇంటి నీటి గొట్టాలలో ఉండేది కూడా ఈ పదార్థమే. గొట్టంలో గట్టిగా ఉండే ఈ పదార్థం సీటులో మెత్తగా ఉండటానికి కారణం, దానిలో కలిపిన మెత్తదన పదార్థాలు. కాలక్రమాన ఎండకు ఆ పదార్థాలు తగ్గిపోతాయి. పెట్రోలు, థిన్నరు వంటివి పూస్తే మరింత త్వరగా బయటికి లాగబడతాయి. అవి పోయిన రెక్సిన్ బిరుసెక్కి, పగుళ్ళు వారుతుంది.

మంచి రకాలలో వినైల్ పొర మీద పారదర్శకమైన మరొక పలుచని పూత ఉంటుంది. మరక లోపలికి దిగకుండా ఆపేది ఈ పూతే. ఇనుప పీచుతో రుద్దినా, గరుకు పొడితో తోమినా మొదట పోయేది ఇదే. ఆ రోజు సీటు తెల్లగా మెరుస్తుంది. తరువాత పడిన ప్రతి మరకా నేరుగా వినైల్‌లోకి దిగుతుంది. “ఎంత కడిగినా మళ్ళీ మురికి పడుతోంది” అని వినవచ్చే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం మురికి కాదు, అరిగిపోయిన పూత.

తొడుగు కింద ఫోమ్ ఉంటుంది. కుట్ల రంధ్రాల గుండా లోపలికి పోయిన నీటిని అది స్పాంజివలె పట్టి ఉంచుతుంది. అందుచేత ఎక్కువ ఒత్తిడితో నీళ్ళు చిమ్మే గొట్టాన్ని కుట్ల మీదికి పట్టటం మంచిది కాదు. పైన ఎంత శుభ్రం చేసినా, లోపల నిలిచిన తడి నుండి బూజు తిరిగి పుడుతుంది.

మొదటి మెట్టు: సబ్బు నీరు

ఏ మరక అయినా సరే, బలహీనమైన మందుతో మొదలుపెట్టి, అవసరమైతేనే బలమైన దానికి పోవాలి. బకెట్టు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలపాలి. ముందుగా మంచినీటితో సీటు మీది ఉప్పునూ ఇసుకనూ కడిగివేయాలి. ఇసుక రేణువులు ఉండగా రుద్దితే అవే గరుకు కాగితం పని చేస్తాయి. తరువాత మెత్తని బ్రష్షుతో, గుండ్రంగా, తేలికగా రుద్దాలి. అయిదు నిమిషాలు ఆగి, మంచినీటితో కడిగి, పొడి గుడ్డతో తుడవాలి.

చెమట జిడ్డు, ఎండకు రాసుకునే లేపనాలు, ధూళి, తాజా డీజిల్ మరకలు చాలావరకు ఇంతటితోనే పోతాయి. ఒకసారికి పూర్తిగా పోకపోతే బలమైన మందుకోసం తొందరపడకుండా రెండవసారి ఇదే పని చేయాలి. అప్పటికీ నిలిచినదే మొండి మరక. దానికి మందు దాని పుట్టుకను బట్టి ఉంటుంది. ఏ కొత్త మందైనా ముందుగా సీటు అడుగున, కనబడని చోట, రూపాయి బిళ్ళంత మేర పూసి చూడాలి. రంగు మారినా, పొర జిగురుగా తయారైనా ఆ మందు వాడరాదు.

మరకను బట్టి మందు

బూజు. నల్లని, బూడిద రంగు చుక్కలుగా కుట్ల వెంట, మడతలలో కనిపిస్తుంది. వానాకాలంలో మాండ్వా వైపు ప్రయాణాలు ఆగి, పడవలు టార్పాలిన్ కింద నెలల తరబడి ఉన్నప్పుడు ఇది విస్తరిస్తుంది. సబ్బు నీటి తరువాత 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను గుడ్డతో అద్ది, పది నిమిషాలు ఉంచి కడగాలి. మందుల దుకాణపు సీసా మీద 6 శాతం అని ఉంటే, దానికి సమానంగా నీరు కలిపితే 3 శాతం అవుతుంది. అప్పటికీ పోకపోతేనే ఇంటి వాడుక బ్లీచ్ ద్రవం. దానిని ఒక పాలుకు పది పాళ్ళ నీరు కలిపి, మరక మీద మాత్రమే అద్ది, అయిదు నిమిషాలు మించకుండా ఉంచి, ధారాళంగా మంచినీటితో కడగాలి. నీరు కలపని బ్లీచ్ తెలుపును పసుపుగా మార్చగలదు, కుట్టులోని నైలాన్ దారాన్ని బలహీనం చేస్తుంది. దారం తెగిన సీటును తిరిగి కుట్టించటానికి అయ్యే ఖర్చు మరక వల్ల కలిగిన నష్టం కంటే చాలా ఎక్కువ. కలిపిన ద్రవం నిలవ ఉంటే బలం తగ్గుతుంది కనుక ఆ రోజుకు కావలసినంతే కలుపుకోవాలి.

తుప్పు. మేకులు, కడ్డీలు ఉన్న చోట్ల గోధుమ రంగు చారలుగా దిగుతుంది. దీనికి బ్లీచ్ ఎన్నడూ వాడరాదు. బ్లీచ్ తుప్పును తొలగించకపోగా ముదిరేటట్లు చేస్తుంది. నిమ్మరసం గానీ, నీటిలో కరిగించిన నిమ్మ ఉప్పు గానీ గుడ్డకు తడిపి మరక మీద పదిహేను నిమిషాలు పరచి, తరువాత కడగాలి. తుప్పు పట్టిన మేకును మార్చనంతవరకు మరక తిరిగి వస్తూనే ఉంటుంది.

పసుపు. వడాపావ్, పోహా, కూరల నూనె వల్ల ఏర్పడే మరక ఇది. సబ్బు తగలగానే ఈ మరక ఎర్రబారుతుంది. కొత్తవారు ఇది చూసి సీటు పాడైందని కంగారుపడతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి తయారవటం తెలుగు ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఇక్కడ జరిగేదీ అదే. సబ్బులోని క్షారగుణం పోయేటట్లు కడిగితే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. పసుపు రంగుకు పెద్ద శత్రువు సూర్యకాంతి. నూనె పోయేటట్లు సబ్బుతో కడిగి, ఆ చోటు ఎండ తగిలేటట్లు కొన్ని గంటలు వదిలితే మరక తనంత తానే వెలిసిపోతుంది. రెండు మూడు రోజులు పట్టినా బలమైన మందుతో పని ఉండదు.

పాన్ ఉమ్మి. తాజాగా ఉన్నప్పుడు చల్లని నీటితో అద్దుతూ తీసివేయాలి. రుద్దితే వెడల్పవుతుంది. పాతబడినది సబ్బుకు లొంగకపోతే 3 శాతం పెరాక్సైడ్‌ను రెండు మూడు విడతలుగా వాడవచ్చు. చేతికి తొడుగు లేకుండా ఈ పని చేయరాదు.

పెన్ను సిరా. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి తడిపి, మరక అంచు నుండి మధ్యకు అద్దుతూ రావాలి. ప్రతి అద్దకానికి దూది మార్చాలి. వెంటనే సబ్బు నీటితో కడగాలి. ఎక్కువసేపు ఉంచితే ఇదీ వినైల్‌కు హాని చేస్తుంది. ఇది త్వరగా అంటుకునే ద్రవం కనుక ఇంజను నడుస్తుండగా గానీ, బీడీ వెలిగించిన వారి దగ్గర గానీ వాడరాదు.

డీజిల్, గ్రీజు. పొడి గుడ్డతో ఒత్తి పీల్చి, తరువాత గిన్నెలు తోమే ద్రవాన్ని నేరుగా మరక మీద వేసి, మెత్తగా రుద్ది కడగాలి. కిరోసిన్, పెట్రోలు, థిన్నరు గ్రీజును కరిగిస్తాయన్నది నిజమే. కానీ వాటితో పాటే రెక్సిన్‌లోని మెత్తదనమూ పోతుంది.

పక్షుల రెట్టలు. ఎండిన రెట్టను గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పూత మీదా గీతలు పడతాయి. తడిపిన గుడ్డను పదిహేను నిమిషాలు మీద పరచి, మెత్తబడిన తరువాత తుడవాలి.

పోని మరకలు ఉంటాయి

కొన్ని మరకలు పొర మీద ఉండవు, పొరలోనే ఉంటాయి. కొత్త జీన్స్ నుండి, రంగు వెలిసే బట్టల నుండి దిగిన నీలి ఛాయ అటువంటిది. సబ్బుకు, ఆల్కహాల్‌కు కొంత తగ్గవచ్చు కానీ ముదిరితే పూర్తిగా పోదు. మరొకటి గులాబి రంగు మచ్చ. ఇది పైనుంచి పడినది కాదు. తొడుగు వెనుక తడిలో పెరిగే సూక్ష్మజీవులు విడిచిన రంగు వినైల్‌లోకి ఊరి, పైకి కనిపిస్తుంది. దీనిని ఎంత తోమినా ప్రయోజనం ఉండదు. లోపలి ఫోమ్ ఆరబెట్టి లేదా మార్చి, కొత్త తొడుగు వేయించుకోవటమే మార్గం.

ఈ సంగతి యజమానులకు తెలిసి ఉండటం ఎంతో అవసరం. “సరిగా తోమటం లేదు” అన్న నింద కూలీ మీద పడుతుంది. ఆ నిందకు భయపడి అతను మరింత ఘాటైన మందుకు పోతాడు. తడి గుడ్డతో తుడిచినా, సబ్బుతో కడిగినా అంచు ఏమాత్రం మసకబారని మరక లోపలిదని గ్రహించి, ఆ మాట పనికి ముందే ఇద్దరూ చెప్పుకోవటం మేలు.

ప్రాణం మీదికి తెచ్చే కలయికలు

రెండు మందులు కలిస్తే బలం రెట్టింపు అవుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. శుభ్రం చేసే పనిలో ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం లేదు.

బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. మరుగుదొడ్లు కడిగే అనేక ద్రవాలలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. నిమ్మరసం, వెనిగర్ వంటి వంటింటి పులుపు కలిసినా ఇదే జరుగుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాలు తుడిచే ద్రవాలు బ్లీచ్‌తో కలిస్తే మరొక విషవాయువు వెలువడుతుంది. మూత్రం పడిన చోట కడగకుండా బ్లీచ్ పోసినా ఈ ముప్పు ఉంటుంది. బ్లీచింగ్ పొడికి కూడా ఈ హెచ్చరికలన్నీ వర్తిస్తాయి. ఆల్కహాల్‌నూ బ్లీచ్‌నూ, పెరాక్సైడ్‌నూ వెనిగర్‌నూ కూడా కలపరాదు. తుప్పుకు నిమ్మ వాడిన చోట బూజుకు బ్లీచ్ వాడవలసి వస్తే, మధ్యలో ధారాళంగా కడిగి, ఆ పనిని మరొక రోజుకు వాయిదా వేయటం క్షేమం.

క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువైనది. అది పైకి లేచి పోక, పల్లంలో చేరుతుంది. పడవలో క్యాబిన్, సీట్ల కింది అరలు, ఇంజను గుంట అటువంటి చోట్లు. ఆరుబయట పని చేస్తున్నాం కదా అని ధైర్యపడిన మనిషి, కిందికి వంగి అర తుడిచేటప్పుడు దానిని పీల్చవచ్చు. కళ్ళు మండటం, గొంతు పట్టినట్లు ఉండటం, దగ్గు, ఛాతీ బిగుసుకుపోవటం దీని లక్షణాలు.

అటువంటప్పుడు పని వదిలి, వెంటనే పైకి, గాలి వీచే చోటికి రావాలి. సీసాలు సర్దటానికో, నీళ్ళు పోయటానికో ఆగరాదు. మందు పడిన బట్టలు విప్పి, ఒంటినీ కళ్ళనూ మంచినీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. ఊపిరి కష్టమైతే 108కి గానీ, 112కి గానీ ఫోను చేయాలి. కాస్త తేరుకున్నాక ఇంటికి పోయి పడుకోవటం తగదు. క్లోరిన్ వల్ల ఊపిరితిత్తులలో నీరు చేరటం కొన్ని గంటల తరువాత మొదలు కావచ్చు. వైద్యునికి ఏ ఏ ద్రవాలు కలిశాయో చెప్పాలి. వీలైతే తోటివారు ఆ సీసాలను మూత బిగించి వెంట తీసుకుపోవాలి.

సీసా మీద తెలుగు చీటీ

ఈ ప్రమాదాలను నివారించే పద్ధతి కష్టమైనది కాదు. కొత్త సీసా చేతికి వచ్చిన రోజునే, చదవగలిగిన వారిచేత దాని మీది పేరు చదివించుకుని, తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ రాసి అంటించుకోవాలి. బ్లీచ్ ఉన్న సీసాకు “బ్లీచ్: దేనితోనూ కలపరాదు” అనీ, యాసిడ్ సీసాకు “యాసిడ్: సీట్లకు వాడరాదు” అనీ రాస్తే చాలు. చదవటం రాని వారుంటే బ్లీచ్‌కు ఒక రంగు దారం, యాసిడ్‌కు మరొక రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోవచ్చు. బడికి పోయే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ చదివే పని వారు సంతోషంగా చేస్తారు. సీసాను తాకే పని మాత్రం పెద్దలదే.

తాగే నీళ్ళ సీసాలలో ఈ ద్రవాలను పోసి ఉంచటం పడవల మీద తరచుగా కనిపించే అలవాటు. దాహంతో ఉన్నవారు, చిన్నపిల్లలు పొరపాటున తాగే ముప్పు ఉంది కనుక దానిని పూర్తిగా మానాలి. చేతి తొడుగులు, కళ్ళకు అద్దాలు పనిచేసే మనిషి అడిగి పుచ్చుకోవలసిన పనిముట్లు. బ్రష్షు, బకెట్టు ఎలాగో ఇవీ అలాగే. వాటి ఖర్చు పని చేయించేవారు భరించటం న్యాయం.

కడిగిన నీరు ఎటు పోతుంది

పడవ మీద కడిగిన నీరు నేరుగా సముద్రంలో పడుతుంది. ఒడ్డున కడిగినది వాన కాలువలో పడితే, అదీ శుద్ధి కాకుండానే ఖాడీలకూ సముద్రానికీ చేరుతుంది. వాన కాలువలు, మురుగు గొట్టాలు ఈ నగరంలో వేరు వేరు. బ్లీచ్ చేపలకు విషం. రేవు నీటి మీద ఆధారపడి బతికే కోలీ మత్స్యకారుల జీవనం కూడా దీనితో ముడిపడి ఉంది. తీసి బిగించటానికి వీలున్న సీట్లను ఒడ్డుకు తెచ్చి కడగటం, మందును చల్లకుండా గుడ్డతో అద్దటం, మిగిలిన ద్రవాన్ని వాన కాలువలో కాక మురుగు గొట్టానికి కలిసిన మోరీలో నీళ్ళతో పాటు పోయటం మంచి పద్ధతులు. అలా పోసేటప్పుడు అక్కడ యాసిడ్ పోసి లేదని చూసుకోవాలి.

మరక పడకుండా

రోజు చివర మంచినీటితో కడిగి, పొడి గుడ్డతో తుడిస్తే సగం మరకలు నిలవనే నిలవవు. టార్పాలిన్ కప్పే ముందు సీటు పూర్తిగా ఆరాలి. కప్పిన తరువాత కూడా గాలి ఆడటానికి అంచుల దగ్గర సందు ఉంచాలి. వీలున్నప్పుడు మెత్తలను నిలబెట్టి ఉంచితే ఫోమ్‌లోని నీరు దిగుతుంది. మెరుపు కోసం కొబ్బరినూనె వంటివి పూయరాదు. అవి ధూళిని పట్టి ఉంచుతాయి. పైగా ఊగే పడవలో జారే సీటు ప్రయాణికులకు ప్రమాదం. వినైల్ కోసమే తయారైన, ఎండ నుండి కాపాడే పూత దొరికితే దానిని సీసా మీది సూచనల ప్రకారం వాడవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు మంచినీరు, తరువాత సబ్బు నీరు, అప్పటికీ పోకపోతేనే మందు.
2. తుప్పుకు బ్లీచ్ వాడరాదు. పసుపుకు ఎండ చాలు.
3. ఇనుప పీచు, థిన్నరు, పెట్రోలు, మరుగుదొడ్డి యాసిడ్ సీటు దరికి రానీయరాదు.
4. బ్లీచ్‌లో నీరు తప్ప మరేదీ కలపరాదు.
5. ప్రతి సీసాకు తెలుగు చీటీ ఉండాలి.
6. ఊపిరి పట్టినట్లయితే పని వదిలి గాలిలోకి రావాలి. 108 లేదా 112.

లోపలికి ఇంకిన మరక ఒకటి మిగిలిపోయినంత మాత్రాన సీటు పనికిరాకుండా పోదు. ప్రయాణికులు దాని మీద కూర్చుంటూనే ఉంటారు. ఆ మరకకోసం ఒక మనిషి ఊపిరితిత్తులను పణంగా పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు.